ఇరవై ఏళ్ల పేటెంటు, ఏటేటా గండం

పేటెంట్ల కంట్రోలర్ జనరల్ గారికి,

పేటెంటుకు ఆయుష్షు ఇరవై ఏళ్లంటారు. ఆ లెక్క దరఖాస్తు వేసిన రోజు నుంచి, పత్రం చేతికొచ్చిన రోజు నుంచి కాదు. మూడో ఏడు మొదలు ఏటా రుసుము కడితేనే అది నిలుస్తుంది. ఆన్‌లైన్‌లో కట్టే వ్యక్తులకు ఆరో ఏడు దాకా ఏటా 800, పదో ఏడు దాకా 2,400, పదిహేనో ఏడు దాకా 4,800, ఆపైన 8,000 రూపాయలు, మొత్తం 76,800. 2019 జూన్‌లో వేసిన దరఖాస్తుకు 2025 ఆగస్టులో పేటెంటు వచ్చిందనుకోండి. ఆరేళ్లు అప్పటికే కరిగిపోయాయి. మూడు నుంచి ఏడో ఏడు వరకు బాకీ 5,600, రిజిస్టరులో నమోదైన మూడు నెలల్లో కట్టాలి. కంపెనీలకు తేదీలు చూసుకునే ఏజెంట్లుంటారు. చేనేతకు నూలు చుట్టే ఆసు యంత్రం లాంటిది ఇంట్లో తయారుచేసుకున్న మనిషికి ఎవరుంటారు?

గడువు గుర్తుంచుకోవడం హక్కుదారు పనేనని మీరనవచ్చు. నిజమే. కట్టని పేటెంటు జనం సొత్తవుతుంది, అదీ మేలే. కానీ అక్కర్లేక వదిలేయడం వేరు, మరిచి పోగొట్టుకోవడం వేరు. చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది: అదనపు రుసుముతో ఆరు నెలలు, అదీ దాటితే పద్దెనిమిది నెలల్లోపు పునరుద్ధరణకు దరఖాస్తు. అయితే కావాలని మానలేదని అక్కడ రుజువు చేసుకోవాలి. ఆ విచారణ కన్నా ఒక ఎస్సెమ్మెస్ చవక. గడువుకు మూడు నెలల ముందొకటి, దాటగానే ఇంకొకటి, తెలుగులోనూ పంపించండి.

ఇట్లు,
ఒక పౌరుడు