పది పీపాల్లో తొమ్మిది

అమెరికా స్వాతంత్ర్య యుద్ధం 1775 ఏప్రిల్ 19న మసాచుసెట్స్‌లోని లెక్సింగ్టన్, కాంకర్డ్ ఊళ్లలో మొదలైంది. కాంకర్డ్‌లో వలసవాసులు దాచుకున్న ఆయుధాలను, తుపాకిమందును నాశనం చేయడానికే బ్రిటిష్ దళం ఆ రోజు బోస్టన్ నుంచి కదిలింది. తొలి తూటా పేలిందే తుపాకిమందు గొడవతో. అయినా ఈ యుద్ధం గురించి రాసేవారిలో ఎక్కువమంది నాగలి వదిలి తుపాకి పట్టిన రైతు దగ్గరే ఆగిపోతారు. ఆ తుపాకిలోకి మందు ఎక్కడిదని అడగరు. యుద్ధం మొదలైనప్పటి నుంచి 1777 చివరిదాకా వలసవాసుల చేతికందిన తుపాకిమందులో దాదాపు 90 శాతం విదేశాల చలవే. కొంత తయారై వచ్చింది, కొంత దిగుమతి చేసుకున్న సురేకారంతో అమెరికాలో తయారైంది. పది పీపాల్లో తొమ్మిది. ఈ లెక్క వదిలేసి చెప్పేది చరిత్ర కాదు, సగం కథ.

తుపాకిమందులో నాలుగింట మూడు వంతులు సురేకారమే. మిగతాది బొగ్గు, గంధకం. ప్రపంచంలోకెల్లా మేలైన సురేకారం అప్పట్లో బిహార్‌లో దొరికేది. ప్లాసీ యుద్ధం తర్వాత ఆ వ్యాపారమంతా ఈస్టిండియా కంపెనీ గుప్పిట్లోకి పోయింది. 1774 అక్టోబరులో బ్రిటన్ అమెరికాకు ఆయుధాల, మందుగుండు ఎగుమతిని నిషేధించింది. వలసరాజ్యాల్లో తుపాకిమందు మిల్లులు వేళ్లమీద లెక్కపెట్టగలిగినన్నే. ఇంటింటా సురేకారం తీయండని నాయకులు పిలుపునిచ్చారు. జనం కదిలారు కూడా. గుర్రపుశాలల అడుగుమట్టి తవ్వి, నీళ్లలో నానబెట్టి, వడగట్టి, బూడిద నీళ్లు కలిపి కాచారు. శ్రమకు లోటు లేదు. వచ్చిన సరుకు మాత్రం యుద్ధానికి ఏ మూలకూ చాలలేదు.

చాలకపోతే ఏమవుతుందో 1775 జూన్ 17న బోస్టన్ ఎదుట బంకర్ హిల్ పోరులో తేలిపోయింది. కొండెక్కి వచ్చిన బ్రిటిష్ సేనను వలసవాసులు రెండుసార్లు తిప్పికొట్టారు. వెయ్యి మందికి పైగా బ్రిటిష్ సైనికులు చనిపోవడమో గాయపడటమో జరిగింది. మూడోసారి వచ్చేసరికి మందు నిండుకుంది. తుపాకి మడమలతో కొట్టుకుంటూ వెనక్కి తగ్గారు. జులైలో సైన్యం పగ్గాలు అందుకున్న వాషింగ్టన్, ఆగస్టులో నిల్వలు లెక్క తీయిస్తే మనిషికి తొమ్మిది తూటాలకు సరిపడా మందే తేలింది. ఈ సంగతి పొక్కితే సైన్యం మిగలదు కనుక రహస్యంగా ఉంచాల్సి వచ్చింది.

ఆ లోటును పూడ్చింది ఫ్రాన్స్. నాటక రచయిత బోమార్షే 1776లో వ్యాపార సంస్థ పేరుతో ఒక ముసుగు కంపెనీ తెరిచాడు. ఫ్రెంచ్ ఖజానా 10 లక్షల లీవ్ర్‌లు ఇచ్చింది, స్పెయిన్ మరో 10 లక్షలు ఇచ్చింది. కరీబియన్‌లోని డచ్చి దీవి సెయింట్ యుస్టేషియస్ రేవు నుంచి కూడా సరుకు చేరేది. బోమార్షే పంపిన నౌకలు 1777 వసంతంలో న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ రేవులో ఫిరంగులు, తుపాకులు, మందు దించాయి. అదే ఏడాది అక్టోబరు 17న సారటోగా వద్ద బ్రిటిష్ జనరల్ బర్గోయిన్ సేన లొంగిపోయింది. ఫ్రాన్స్ దగ్గర అంత మందు ఉండటమూ కాకతాళీయం కాదు. 1775 నుంచి అక్కడి ప్రభుత్వ తుపాకిమందు సంస్థను నడిపించినవారిలో రసాయన శాస్త్రవేత్త లవోయిజే ఉన్నాడు. ఆయన హయాంలో ఉత్పత్తి, నాణ్యత రెండూ పెరిగాయి.

1778 ఫిబ్రవరి 6న అమెరికాతో కుదిరిన ఒప్పందంతో ఫ్రాన్స్ బాహాటంగా రంగంలోకి దిగింది. అక్కడి నుంచి యుద్ధం అమెరికాది మాత్రమే కాదు. 1779లో బ్రిటిష్‌వారు మలబారు తీరాన ఫ్రెంచివారి మాహేను పట్టుకోవడం హైదర్ అలీతో రెండో మైసూరు యుద్ధానికి దారితీసిన కారణాల్లో ఒకటి.

1781 సెప్టెంబరు 5న చెసాపీక్ ముఖద్వారం వద్ద ద గ్రాస్ నడిపిన 24 ఫ్రెంచ్ యుద్ధనౌకలు 19 బ్రిటిష్ నౌకలను నిలువరించాయి. యార్క్‌టౌన్‌లో ఉన్న బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్‌కు సముద్రం దారి మూసుకుపోయింది. కోటను బద్దలుకొట్టిన భారీ ఫిరంగుల్లో ఎక్కువ భాగం ఫ్రెంచ్ నౌకలే మోసుకొచ్చాయి. ముట్టడిలో ఫ్రెంచ్ సైనికులు దాదాపు 8 వేలు. నావికులను కలిపితే అమెరికన్ల కంటే ఫ్రెంచివారే ఎక్కువ. అక్టోబరు 19న 7 వేలకు పైగా సైన్యంతో కారన్‌వాలిస్ లొంగిపోయాడు. ఆయనే 1786లో గవర్నర్ జనరల్‌గా భారత్‌కు వచ్చి 1793లో బెంగాల్‌లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి ఉత్తర సర్కారు జిల్లాల రైతుల నెత్తిన పడింది ఆ పద్ధతే.

వలసవాసుల ఓర్పు చిన్నది కాదు. వ్యాలీఫోర్జ్ శిబిరంలో ఒక్క చలికాలంలో సుమారు 2 వేల మంది రోగాలతో పోయారు. 1777లో వాషింగ్టన్ సైన్యమంతటికీ మశూచి టీకా వేయించాడు. దక్షిణాన అమెరికన్ జనరల్ గ్రీన్ ఓడుతూనే శత్రువును అరగదీశాడు. ఓర్పు లేకపోతే సాయం అందేదాకా సైన్యం నిలిచేది కాదు. కానీ ఓర్పును ఒప్పుకోవడం వేరు, 90 శాతాన్ని మింగేయడం వేరు. 1783 సెప్టెంబరు 3 నాటి పారిస్ సంధికల్లా ఫ్రాన్స్ ఈ యుద్ధంపై 100 కోట్ల లీవ్ర్‌లకు పైగా ఖర్చు పెట్టింది. ఆ అప్పుల భారం 1789 విప్లవానికి ముందు దివాలాకు దారితీసింది. ఇంత మూల్యం చెల్లించిన దేశాన్ని ఒక వాక్యంలో తేల్చేయడం పొరపాటు కాదు, దాచివేత.

ఇంటింటా తుపాకి ఉంటే చాలు, సామ్రాజ్యాలు కూలుతాయని, అమెరికా అలాగే గెలిచిందని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. తుపాకి హక్కుల చర్చలో ఇదే వారి మొదటి ఉదాహరణ. వారు ముందుగా జవాబు చెప్పాల్సింది బంకర్ హిల్‌పై మూడో దాడికి. ఆ మధ్యాహ్నం తుపాకులున్నాయి, గురి చూసి కొట్టే చేతులున్నాయి, ప్రాణాలకు తెగించిన మనుషులున్నారు. పీపాల్లో మందు లేదు. కొండ చేజారింది.