పాతకార్ల పండగకి మన పిల్లల్ని పంపాలా?

పట్నంలో ఒక కార్ల క్లబ్బువాళ్లు ఏటా పాతకార్ల ప్రదర్శన పెడుతున్నారు. టిక్కెట్ల డబ్బు పేదపిల్లల చదువుకిస్తారట. ఈ ఏడు మా బడికొచ్చే ఎస్సీ హాస్టలు పిల్లల్ని 40 మందిని పంపమని కబురొచ్చింది. వరసగా నిలబెట్టి నోటుబుక్కులిస్తారు, ఫొటో తీస్తారు. "ఊరికే వచ్చేదాన్ని ఎందుకు వద్దనాలి మాస్టారూ?" అని పేటలో పెద్దలే అడిగారు. అడగాల్సిన మాటే. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఈ పండగ ఎలా పుట్టిందో చూద్దాం. ఇంజను బండి రోడ్డెక్కితే ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి దాని ముందు నడవాలని ఇంగ్లండులో 1865లో చట్టం చేశారు. ముందు మనిషి నడవాలన్న ఆ నిర్బంధం 1896లో పోయింది. ఆ నవంబరు 14న కార్లవాళ్లు లండన్ నుంచి బ్రైటన్‌కి ఊరేగింపుగా వెళ్లి, దానికి 'విముక్తి యాత్ర' అని పేరు పెట్టుకున్నారు. 1927 నుంచి దాన్ని తలుచుకుంటూ దాదాపు ఏటా పాతకార్లు నడుపుతున్నారు. మన దేశంలో స్టేట్స్‌మన్ పత్రిక 1964లో ఢిల్లీలో పాతకార్ల ర్యాలీ మొదలెట్టింది. తర్వాత నగరాల్లో క్లబ్బులొచ్చాయి. చాలాచోట్ల వాటికి దానధర్మం తోడైంది.

కార్లకి విముక్తి వచ్చింది, సరే. మరి మనుషులకి?

1901లో చిన్నపిల్లాడు అంబేద్కర్ తన అన్నతో కలిసి మసూరు స్టేషన్లో దిగితే, మహర్ పిల్లలని తెలిసి ఏ బండివాడూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే తోలుకుంటే, తాను పక్కన నడిచొస్తానన్నాడు. 1929 నాటికి ఆయన బారిస్టరు. అయినా చాలీస్‌గావ్‌లో జట్కావాళ్లు ఆయన బండి తోలేది లేదన్నారు. బండి అద్దెకి తెచ్చి, తోలడం రాని మనోడే పగ్గం పట్టాడు. వంతెన మీద చక్రం ఇరుక్కుంది. అంబేద్కర్ రాళ్లమీద పడ్డారు, కాలు విరిగింది. అక్కడ కారు ముందు మనిషి నడిచే చట్టం పోయిన 33 ఏళ్లకి కూడా ఇక్కడ మన మనిషికి బండెక్కే మర్యాద రాలేదు!

హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కోసం తెప్పించిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఉంది. చూసినవాళ్లంతా నిజాం పేరు చెబుతారు. దాన్ని తుడిచినవాడి పేరేంటి? 2014లో తయారీ ఆగిపోయిన అంబాసిడర్ కూడా ఇప్పుడు ప్రదర్శనకెక్కింది. నా చిన్నప్పుడు మా ఊరి కామందుగారి అంబాసిడర్‌ని కాలవ గట్టున కడిగింది మా చిన్నాన్న. ఆ సీట్లో ఒక్కనాడూ కూచోలేదు. ఆ చెమట చరిత్ర కాదా?

హాస్టలు పిల్లలకి నోటుబుక్కులివ్వడం ప్రభుత్వ బాధ్యత. మన జనాభా నిష్పత్తిలో మనకోసమే నిధులు కేటాయించి ఖర్చుపెట్టాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపప్రణాళిక చట్టం తెచ్చుకున్నాం. ఆ వాటా అడగడం మానేసి దానానికి చెయ్యి చాస్తే, వాటా ఎగ్గొట్టినవాడు హాయిగా నిద్రపోతాడు.

అలాగని పిల్లల్ని ఇంట్లో కట్టెయ్యమనడం లేదు. పంపుదాం, చూసేవాళ్లుగా పంపుదాం. బానెట్ ఎత్తి ఇంజను ఎలా నడుస్తుందో చెప్పాలి. సీట్లో కూచోనివ్వాలి. పుస్తకాలు అందుకునే ఫొటోలొద్దు. వసూలైందెంత, ఇచ్చిందెంత, లెక్క బోర్డుమీద రాయాలి. కారు యజమానితోపాటు మెకానిక్కునీ డ్రైవరునీ వేదికెక్కించాలి. ఒప్పుకుంటే వెళదాం. ఒప్పుకోకపోతే, ఆ రోజే పిల్లల తల్లిదండ్రులం కలిసి హాస్టలు నిధుల లెక్క అడగడానికి సాంఘిక సంక్షేమ కార్యాలయానికి వెళదాం.

మన పిల్లలు వరసలో నిలబడాల్సింది దానం కోసం కాదు. జై భీమ్!