కౌంటరు ఇవతల: మూడో గడి



మన సంఘం కుటుంబ వివరాల పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేయించాలని కార్యవర్గం నిర్ణయించిన సంగతి మీకు తెలిసిందే. కోరాపుట్, జయపురం, సునాబెడ, రాయగడ, గుణుపురం, ఇలా అన్నిచోట్ల నుంచీ ఫారాలు వస్తున్నాయి. లెక్కలు చూసేవాణ్ణి కదా అని వాటిని సరిచూసే పని నాకు అప్పజెప్పారు. ఒక ఆదివారం పాత పుస్తకం పక్కన పెట్టుకుని కొత్త ఫారాల మీద టిక్కులు పెడుతూ కూర్చున్నాను. ఒక కుటుంబం దగ్గర టాలీ కాలేదు. పాత పుస్తకంలో ముగ్గురు పిల్లలు. కొత్త ఫారంలో ఇద్దరే.

పొరపాటు పడ్డారేమోనని ఆ మిత్రుడికి ఫోన్ చేశాను. కాసేపు ఆయన మాట్లాడలేదు. "ఇద్దరనే వేసెయ్యండి సార్, చాలు" అని పెట్టేశారు.

ఫోన్ దగ్గరే ఉన్న మా ఆవిడ అంది, "మీకు తెలీదా? వాళ్ల రెండోవాడు నేను అబ్బాయిని కాను, ఆడపిల్లనే అని ఇంట్లో చెప్పేశాడట. అప్పటి నుంచీ మాటల్లేవు. ఇప్పుడు ఎక్కడో దూరాన ఉద్యోగం చేసుకుంటోందట. వాళ్లమ్మ నా దగ్గర ఎంత ఏడ్చిందో!"

ఒకే గుక్కలో "చెప్పేశాడట" అని మొదలుపెట్టి "చేసుకుంటోందట" అని ముగించిందని మా ఆవిడ గమనించలేదు. నేను గమనించాను. నాకంటే ముందే ఆమె ఆ బిడ్డను ఒప్పేసుకున్నట్టుంది.

ఒక్క మాట. ఆ కుటుంబాన్ని ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇది రాశాక ఆ మిత్రుడికి చదివి వినిపించి, ఆయన సరే అన్నాకే అచ్చుకు ఇస్తున్నాను.

ఇతరుల గురించి చెప్పేముందు నా సంగతి ఒప్పుకోవాలి. 2012 వానాకాలంలో నేను రాయగడలో పని చేస్తున్నాను. విజయనగరం నుంచి రాయగడ వచ్చే రైళ్లలో తిరిగినవాళ్లకు హిజ్రాలు కొత్త కాదు. చప్పట్లు వినపడగానే మనం నిద్ర నటిస్తాం, లేదా పేపరు అడ్డం పెట్టుకుంటాం. అలా రైళ్లలో కనిపించే ఒకామె ఒకనాడు నా టేబులు దగ్గరకు వచ్చింది. కొంగులో పది రూపాయల నోట్ల కట్టలు. సేవింగ్స్ ఖాతా తెరవాలంది. ఓటరు కార్డులో మగ పేరు, మగ ఫొటో. ఎదురుగా చీర కట్టుకున్న మనిషి. కుదరదని చెప్పడానికి ధైర్యం చాలక, ఎవరైనా పాత ఖాతాదారుతో సంతకం పెట్టించుకుని బుధవారం రమ్మన్నాను. వచ్చింది. మేనేజరు లేరన్నాను. మళ్లీ వచ్చింది. ఫారంలో మగ అని రాయాలా, ఆడ అని రాయాలా అని కలం పట్టుకుని ఆగిపోయాను. క్యూలో వెనకున్నవాళ్లు నవ్వుతున్నారు.

"ఈ నోట్ల మీద ఆడో మగో రాసుంటాదేటి బాబూ?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. వచ్చే వారం చూద్దామన్నాను. ఆమె మళ్లీ రాలేదు. ఆ డబ్బు ఎక్కడ దాచుకుందో, ఎవరి చేతిలో పెట్టి పోగొట్టుకుందో నాకు తెలియదు. ఆ రోజు నన్ను ఏ రూలూ ఆపలేదు. వెనక క్యూలో నవ్విన నవ్వుకు భయపడ్డాను, అంతే.

ఆరేళ్ల తర్వాత, 2018 నవంబరులో, పేపర్లో ఒక వార్త చదివితే ఆమె గుర్తొచ్చింది. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో హైదరాబాదు గోషామహల్ నియోజకవర్గం నుంచి చంద్రముఖి మువ్వల అనే ట్రాన్స్‌జెండర్ కార్యకర్త నామినేషన్ వేశారు. టికెట్టు ఇచ్చింది బహుజన లెఫ్ట్ ఫ్రంట్, అంటే మార్క్సిస్టు పార్టీ మరికొన్ని సంఘాలతో కలిసి కట్టిన కూటమి. సీపీఐ అప్పుడు కాంగ్రెస్ కూటమిలో ఉంది, అది వేరే సంగతి. పోలింగు డిసెంబరు 7న. ఇంకా పది రోజులుందనగా, నవంబరు 27న, ఆ అభ్యర్థి కనపడకుండా పోయారు. ఆమె తల్లి హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషను వేశారు. ఒకటి రెండు రోజుల్లో ఆమె క్షేమంగా తిరిగొచ్చారు. ఎన్నికల్లో గెలవలేదు. కానీ నా మనసులో నిలిచిపోయింది ఆ తల్లి. నా బిడ్డను నాకు చూపించండి అని కోర్టు మెట్లెక్కింది. బిడ్డ పేరును ఆమె ఏ ఫారంలోంచీ కొట్టెయ్యలేదు.

ఆ నామినేషన్ ఏ ఊళ్లో పడిందో కూడా చూడండి. 1871లో ఆంగ్లేయులు తెచ్చిన నేరస్థ జాతుల చట్టంలో హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టరులో రాయించే ఏర్పాటు ఉండేది. అదే ఒరవడిలో నిజాం రాజ్యంలో 1919లో, ఫసలీ లెక్కన 1329లో, ఒక చట్టం వచ్చింది. ఆడ వేషంలోనో నగలతోనో బహిరంగంగా కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చని అందులో ఉంది. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకు వెళ్లి పోరాడితే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. అంటే 2018లో ఎర్రజెండా పట్టుకుని ఆ మనిషి ఓట్లు అడిగిన నాటికి, అదే నగరంలో ఆమెలాంటి వారిని అనుమానితుల రిజిస్టరులోకి ఎక్కించే చట్టం ఇంకా పుస్తకాల్లో ఉంది. ఆ రిజిస్టరు నిఘాకు. నామినేషన్ పత్రం లెక్కలోకి రావడానికి. రెండింటికీ ఎంత దూరమో!

మా యూనియన్‌లో ఒక సీనియరు ఉండేవారు. నికార్సయిన కమ్యూనిస్టు. ఈ వార్త చూపిస్తే, "ముందు కూడు, గూడు. ఇవన్నీ తర్వాత" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ విషయంలో ఆ లెక్క తప్పు. ఉద్యోగం ఇవ్వరు కాబట్టే రైళ్లలో చప్పట్లు కొట్టాలి. ఇల్లు అద్దెకివ్వరు కాబట్టే ఊరి చివర గుంపుగా బతకాలి. వాళ్లకు ఇదే కూడు, ఇదే గూడు.

అలాగని ఈ హక్కు ఎర్రజెండా సొత్తు అనడం లేదు. ఓటరు జాబితాలో ఆడ, మగ కాక 'ఇతరులు' అనే వీలు 2009లో ఎన్నికల సంఘం కల్పించింది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, నేను ఎవరన్నది నేనే చెప్పుకునే హక్కు ఉందని తీర్పు చెప్పింది. 2015లో రాజ్యసభ ఆమోదించిన ప్రైవేటు బిల్లు డీఎంకే సభ్యుడు తిరుచ్చి శివది. 2019లో వచ్చిన కేంద్ర చట్టం గుర్తింపు పత్రం కలెక్టరు ఇవ్వాలంది. వామపక్షాలు సహా పలు ప్రతిపక్షాలు దాన్ని విమర్శించాయి. ట్రాన్స్‌జెండర్లకు విధానం ప్రకటించిన కేరళలో 2015 నాటికి ఉన్నది కాంగ్రెస్ ప్రభుత్వం. తర్వాత వామపక్షం వచ్చింది. 2017లో కొచ్చి మెట్రోలో ఇరవై మందికి పైగా ట్రాన్స్‌జెండర్లకు ఉద్యోగాలిస్తే దేశమంతా మెచ్చుకుంది. వారం తిరక్కుండానే వారిలో కొందరు మానేశారు. కారణం ఏమిటనుకున్నారు? ఆ ఊళ్లో అద్దెకు గది దొరకలేదు. సర్కారు ఉద్యోగమైతే ఇవ్వగలదు గానీ ఇంటి ఓనరు మనసు మార్చలేదు.

మనకు 1871లో చట్టం రాసిపెట్టిన బ్రిటన్ సంగతీ చూడండి. 2004లో అక్కడి లేబర్ పార్టీ ప్రభుత్వమే లింగ గుర్తింపు చట్టం తెచ్చింది. డాక్టర్ల రిపోర్టులు, రెండేళ్ల రుజువులు, వాటిని చూసే ప్యానెల్, ఇలా చాలా తతంగం ఉంది. ఆ తతంగం తీసేసి సొంత ప్రకటన చాలునంటామని 2019 ఎన్నికల్లో అదే పార్టీ మాట ఇచ్చింది. 2023లో ఆ మాట వెనక్కు తీసుకుంది. 2025 ఏప్రిల్ 16న అక్కడి సుప్రీంకోర్టు, 2010 సమానత్వ చట్టంలో 'స్త్రీ' అంటే పుట్టుకతో స్త్రీ అని తేల్చింది. వివక్ష నుంచి ట్రాన్స్‌జెండర్లకు రక్షణ మాత్రం కొనసాగుతుందంది. ఆ పార్టీలో ఏళ్ల తరబడి పనిచేసిన స్త్రీలు ఈ విషయంలో రెండుగా చీలిపోయారు. ఆపదలో ఉన్న ఆడవాళ్ల ఆశ్రయాలు, ఆసుపత్రి వార్డుల మాటేమిటని కొందరు. మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారని మరికొందరు. రెండు భయాలూ నిజమే. వాదించుకోవలసిందే. కానీ వాదన సాగినన్నాళ్లూ ఆ మనిషి గుమ్మం బయటే నిలబడి ఉంటుందని మాత్రం మరవకూడదు.

మన ఒడిశా దగ్గరకు వద్దాం. రాయగడకు ఆనుకుని ఉన్న కంధమాల్ జిల్లా నుంచి వచ్చిన ఐశ్వర్య రుతుపర్ణ ప్రధాన్ 2010లో మగవాడిగా రాష్ట్ర ఆర్థిక సర్వీసులో చేరారు. 2014 తీర్పు తర్వాత, 2015లో, తన పేరూ గుర్తింపూ మార్చుకున్నారు. ఆఫీసరు కుర్చీ అదే, పని అదే. 2017లో రాష్ట్ర ప్రభుత్వం 'స్వీకృతి' అనే పథకం పెట్టింది. ఎంత మంచి పేరో చూడండి. దయా కాదు, దానమూ కాదు, ఒప్పుకోవడం.

ఇక మా బ్యాంకుల సంగతి. 2015 ఏప్రిల్ 23న రిజర్వు బ్యాంకు సర్క్యులర్ పంపింది, అన్ని ఫారాల్లోనూ మూడో లింగానికి చోటు ఉండాలని. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు రెండుసార్లు చదివాను. ఆడ, మగ పక్కన ఇంకో చిన్న గడి. ఇంత చిన్న గడి కోసమా ఆ మనిషిని మూడుసార్లు తిప్పాను? మర్నాడు స్టేషను బయట ఇద్దరు ముగ్గురిని అడిగాను, ఫలానా ఆమె కనిపిస్తే బ్యాంకుకు రమ్మనమని. ఎవరికీ ఆచూకీ తెలియలేదు. ఆ ఏడాదే మరొకామె వచ్చింది. కుర్చీ చూపించి కూర్చోమన్నాను. ఆ గడిలో టిక్కు పెట్టింది నేనే. పది నిమిషాల పని.

ముప్పై ఏళ్ల బ్యాంకు ఉద్యోగంలో నాకు అర్థమైంది ఇదే. పార్టీ టికెట్టు ఇస్తుంది, కోర్టు తీర్పు ఇస్తుంది, ముంబయి నుంచి సర్క్యులర్ వస్తుంది. అన్నీ వచ్చి చివరికి ఒక టేబులు దగ్గర ఆగుతాయి. ఆ టేబులు వెనక కలం పట్టుకుని నాలాంటివాడు ఒకడు కూర్చుని ఉంటాడు. వాడు రాస్తేనే హక్కు, లేకపోతే కాగితం.

ఇప్పుడు నా టేబులు మీద మన సంఘం ఫారాలు ఉన్నాయి. వాటిలో 'కుమారుడు / కుమార్తె' అని రెండే గడులు. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఆ రెండూ తీసేసి 'పిల్లల పేర్లు' అని ఒకటే గీత పెడదామని ప్రతిపాదిస్తున్నాను. అచ్చు ఖర్చు పెరగదు, కోశాధికారి గారు కంగారు పడనక్కర్లేదు. అభ్యంతరం ఉన్నవారు నాకు రాయండి, సమావేశంలోనే మాట్లాడుకుందాం.

ఈ వ్యాసం చదివి వినిపించినప్పుడు ఆ మిత్రుడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఫారాలు ఇవ్వడానికి గడువు ఎప్పటిదాకా సార్?" అని అడిగారు.

నెలాఖరు దాకా అని చెప్పాను. నిజానికి గడువు అయిపోయింది. కార్యవర్గం నన్ను మన్నించాలి.