రేపటికి మిగుల్చుకునే పరుగు

పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే చాలు, హన్మకొండ గ్రౌండ్లు తెల్లవారకముందే నిండిపోతాయి. 2022 నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలన్నారు. మగవాళ్లకు రౌండుకు దాదాపు 109 సెకన్లు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి అందని వేగమేమీ కాదు. కానీ చాలామంది చేసే సాధన ఏమిటంటే, రోజూ స్టాప్‌వాచ్ పెట్టుకుని అదే 1600ను ఉన్న బలమంతా పెట్టి పరిగెత్తడం. రోజూ పరీక్ష రాస్తున్నారు, చదువు మాత్రం లేదు. కొన్ని వారాలకు మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. తగ్గేదాకా ఇంట్లో కూర్చోవాలి, ఆ తర్వాత మళ్లీ మొదటి నుంచి.

దీనికి భిన్నమైన దారి నార్వేది. ఆ దేశ జనాభా సుమారు 55 లక్షలు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి వరంగల్ జిల్లాలో 35 లక్షల మంది ఉన్నారు. డబ్బులో పోలిక లేదు గానీ, మనుషుల సంఖ్యలో మరీ ఎక్కువ తేడా లేదు. అక్కడ దూరపు పరుగు కోచ్‌లు పరిగెత్తేవాణ్ని ఉసికొల్పడం కంటే ఆపడం మీదే ఎక్కువ శ్రద్ధ పెడతారు. 5000 మీటర్ల రన్నర్, డాక్టర్ కూడా అయిన మారియస్ బాకెన్ తన మీద తానే ప్రయోగాలు చేసి ఒక పద్ధతి తేల్చాడు. వారంలో రెండు రోజులు ఉదయం, సాయంత్రం గట్టిగానే పరిగెత్తాలి, అయితే హద్దులో. మధ్యమధ్య రక్తపు చుక్క తీసి, తీవ్రమైన శ్రమలో పెరిగే లాక్టేట్ ఎంతుందో చూస్తారు. అది పెరిగితే, ఒంట్లో సత్తువ ఎంత ఉన్నా వేగం తగ్గించాల్సిందే. మిగతా రోజుల్లో ఎక్కువ భాగం నింపాది పరుగు. టోక్యోలో 1500 మీటర్లను 3 నిమిషాల 28.32 సెకన్ల అప్పటి ఒలింపిక్ రికార్డుతో గెలిచిన యాకోబ్ ఇంగెబ్రిగ్ట్‌సెన్‌ది ఈ తరహా సాధనే.

లాక్టేట్ మీటరు మనకెక్కడిదని అడగొచ్చు. ఏ రోజు గట్టిగా, ఏ రోజు నింపాదిగా అన్నది తెలిస్తే చాలు. కెన్యాలో మారథాన్ రన్నర్ కిప్చోగే బృందానికి మంగళవారం ట్రాక్, గురువారం దూరపు పరుగు, శనివారం వేగం మార్చుకుంటూ పరుగు. మిగతా రోజుల్లో నెమ్మదిగానే. పక్కవాడితో మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అది నింపాది పరుగే. ఆ కొలతకు ఖర్చేముంది?

పిల్లల విషయంలో తేడా ఇంకా పెద్దది. 1987 నుంచి నార్వేలో పిల్లల క్రీడలకు ప్రత్యేక నియమాలున్నాయి. పదకొండో ఏడు వచ్చేదాకా ర్యాంకుల పట్టికలు ఉండవు, పదమూడో ఏడు వచ్చేదాకా జాతీయ చాంపియన్‌షిప్‌లు ఉండవు. అక్కడి కార్స్టెన్ వార్‌హోమ్ 2013లో ప్రపంచ యూత్ చాంపియన్ అయింది ఎనిమిది అంశాలు కలిసిన ఆక్టాథ్లాన్‌లో. 400 మీటర్ల హర్డిల్స్‌లో అతని 45.94 సెకన్ల ప్రపంచ రికార్డు 2021లో వచ్చింది. ఇక్కడ హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో నాలుగో తరగతి ప్రవేశానికే పరుగులు, జంప్‌లు కొలుస్తారు. దాన్ని తప్పుపట్టలేం, పేద పిల్లలకు తిండి, చదువు, కోచ్ అక్కడ ఒకేచోట దొరుకుతాయి. ఎటొచ్చీ, ఆ రోజు వెనకబడ్డ పిల్లవాడికి మళ్లీ తలుపు తెరవాలి.

ఓపికగా సాగిన సాధనకు ఉదాహరణ మన పర్వతగిరి మండలంలోనే ఉంది. కల్లెడకు చెందిన జీవంజి దీప్తి మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో 400 మీటర్లు పరిగెత్తుతుంది. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లకు స్వర్ణం, 2024 మేలో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 55.07తో అప్పటి ప్రపంచ రికార్డు, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82తో కాంస్యం. కోచ్ నాగపురి రమేశ్ శిక్షణలో ఏళ్ల తరబడి హైదరాబాద్‌లో సాగిన సాధన అది, ఒక్క సీజన్ హడావిడి కాదు.

వసతి లేదనడానికీ లేదు. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం సింథటిక్ ట్రాక్ మీదే 2021 జాతీయ ఓపెన్ పోటీల్లో హర్మిలన్ బైన్స్ మహిళల 1500 మీటర్ల జాతీయ రికార్డును 4 నిమిషాల 5.39 సెకన్లకు మార్చింది. ఆ ట్రాక్ పక్కన ఒక బోర్డు పెట్టి వారపు పద్ధతి రాస్తే చాలు: రెండు రోజులు గట్టిగా, ఒక రోజు దూరం, ఒక రోజు కాళ్లకూ నడుముకూ కసరత్తు, రెండు రోజులు నింపాదిగా, ఒక రోజు పూర్తి విశ్రాంతి. టైమింగ్ పరీక్ష నెలకొక్కసారి. దీన్ని నడిపించడానికి ఒక పీఈటీ సరిపోతారు. మొదలుపెట్టాల్సింది మాత్రం ఏ నోటిఫికేషనూ లేని నెలలో.