ఎముకల లెక్కయు, ఎముకల బ్రతుకును

మానవశరీరమందు ఎముకలెన్ని యని యడిగినచో మన విద్యార్థులలో ననేకులు తడుముకొనక 206 అని చెప్పుదురు. ఆ యెముకలు దేనివలన బలపడునో, ఏల వంగునో, కీళ్ళు ఏల బిగిసికొనునో యని యడిగినచో తరగతి యంతయు మౌనము వహించును. ఈ మౌనము మేలు కాదని నా యభిప్రాయము. అస్థిపంజరమును గూర్చిన పాఠము లెక్కతో ముగియరాదు. అది మనము త్రాగు నీటివఱకును పోవలెను.

గోడకు వ్రేలాడు పటమునందలి యస్థిపంజరము ఎండిన కట్టెలమోపువలె కనబడును. అందుచేత ఎముక జీవము లేని వస్తువని పిల్లలు తలంతురు. నిజమట్లు గాదు. శిశువు పుట్టినప్పుడు సుమారు 300 వఱకు నుండు భాగములు, వయస్సుతోపాటు కొన్ని యొకటిగా నతుకుకొనుటచే, 206 ఎముకలగుచున్నవి. పెద్దవారియందును పాత యెముక కరగుచు క్రొత్త యెముక యేర్పడుచునే యుండును. రక్తకణములు ఎముకలలోని మజ్జయందే పుట్టుచున్నవి. దేహమందలి కాల్షియములో నూటికి 99 పాళ్ళు ఎముకలయందును దంతములయందును నిలువయుండును.

కీళ్ళ యమరికయు నట్లే గమనింపదగినది. మోచేయి తలుపుబందువలె మడచుకొనును. భుజము గిన్నెలో నమరిన బంతివలె నన్నివైపులకు తిరుగును. ఎముకల కొనలు రాచుకొనకుండ వానిని మృదులాస్థి కప్పియుండును. నడుమనున్న జిగటద్రవము బండియిరుసునకు కందెనవలె పనిచేయును. గట్టి నారలు ఎముకలను తొలగిపోకుండ పట్టియుంచును. మణికట్లతో కూడ రెండు చేతులలో 54, చీలమండలతో కూడ రెండు పాదములలో 52 ఎముకలున్నవి. సగమునకు మించిన యెముకలు మన కాలుసేతులలోనే యున్నవన్నమాట. కీళ్ళు చెడెనా, మనుష్యుని పనిపాటు లన్నియు నిలిచిపోవును.

ఎముక తన కందినదానిని దాచుకొనును. మేలిదియు కీడుదియు నను భేదము దానికి లేదు. ఇందులకు మన తెలుగుదేశమే సాక్ష్యము. త్రాగునీటిలోని ఫ్లోరైడువలన కలుగు ఎముకల వ్యాధిని 1937లో షార్ట్ అను వైద్యుడును ఆయన సహచరులును నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించిరి. తరువాత నల్లగొండ ప్రాంతపు పల్లెలు ఈ బాధకే పేరుపడినవి. నల్లఱాతి పొరలలోని ఫ్లోరైడు లోతైన బావుల నీటిలో కరగి, ఏండ్లతరబడి త్రాగువారి యెముకలలో చేరును. మొదట దంతములపై మచ్చలు పడును. పిమ్మట కీళ్ళచుట్టునున్న నారలు సున్నము పట్టి గట్టిపడును. మెడ త్రిప్పుటయు, నడుము వంచుటయు కష్టమగును. కొందఱు పిల్లల మోకాళ్ళు వంకరలు పోవును. అట్టి నీటికి రంగు లేదు, వాసన లేదు. కాచినను దోషము పోదు, నీరు ఇగిరినకొలది మఱింత చిక్కనగును. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ నిర్ణయము.

పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. 2016 నుండి తెలంగాణములో మిషన్ భగీరథ పథకముచే నదీజలములు పల్లెలకు చేరసాగినవి. ఇది సంతోషకరమే. అయినను బిగిసిన కీలును మంచినీరు మరల వదలుచేయజాలదు. కావుననే ముందెఱుక యవసరము.

పరీక్షలో పేర్లే యడుగుదురు గదా, ఇదంతయు నేల యని కొందఱు తలిదండ్రు లనవచ్చును. తన మోకాలిని తానే మడచి చూచి నేర్చిన పేరు, బెత్తమునకు జడిసి వల్లించిన పేరుకంటె నెక్కువకాలము నిలుచును. మఱియు మార్కులు ఒక సంవత్సరపు సంగతి. వెన్నెముక జీవితమంతటి సంగతి.

కావున నాకు తోచినదిది. ఎముకల పాఠము చెప్పు వారమున ప్రతి విద్యార్థియు తన యింట త్రాగు నీరు ఎచ్చటిదో వ్రాసి తేవలెను. బోరుబావి నీరైనచో దానిని పరీక్ష చేయించు భారము పాఠశాల వహింపవలెను. తల్లులారా, మీ పిల్లలకు పాలు, పెరుగు, రాగిసంకటి తఱచుగా పెట్టుడు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియమున్నది.

విద్యార్థులారా, మీకొక మాట. వంకరకాళ్ళవాడనియు, గూనిదియనియు తోడివారిని పిలుచుట మన ఆటస్థలములలో వినబడుచునే యున్నది. ఆ బాలుడు చేసిన నేరమేమి? ఊరిబావి ఇచ్చిన నీటిని దప్పిగొని త్రాగెను, అంతియే. వాని కాళ్ళను చూచి నవ్వువాడు 206 ఎముకల పేర్లను వరుసతప్పక యప్పగించినను, ఆ పాఠము వానికి రాలేదనియే నేను చెప్పుదును.