ధర్మచింతన: కడలి కావల బిడ్డలు, ఈవల తల్లిదండ్రులు



దక్షిణాదివారు మదరాసు రేవున ఓడ నెక్కి ఈ ఫిజీ దీవులకు గిర్మిటు కూలీలుగా వచ్చుట 1903వ సంవత్సరమున మొదలైనది. అయిదేండ్లు గిర్మిటు పని, మరి యైదేండ్లు నివాసము ముగిసిన పిమ్మట స్వదేశమునకు ఉచిత ప్రయాణము గలదని ఒడంబడిక. అయినను పెక్కుమంది ఇచ్చటనే నిలిచిరి. వారు విడిచివచ్చిన తల్లిదండ్రులు వాకిట కూర్చుండి ఎదురుచూచుచునే యెందరు కన్నుమూసిరో!

ఇప్పుడు ఆ వాకిలి మనది. 1987, 2000 సంవత్సరముల రాజ్యవిప్లవముల పిమ్మటను, చెరకు భూముల ముప్పదియేండ్ల కౌళ్లు 1997 నుండి తీరుచు వచ్చినప్పుడును మన బిడ్డలనేకులు ఆస్ట్రేలియాకును న్యూజీలాండునకును తరలిరి. వారిని నిందింపరాదు. పొట్టకూటికై కడలి దాటుట మన యింట క్రొత్త గాదు.

“తల్లిదండ్రులను రప్పించుకొనరేల?” యని కొందరు అడుగుదురు. బిడ్డలకు మనసున్నను దారి యుండవలెను గదా! న్యూజీలాండు ప్రభుత్వము తల్లిదండ్రుల స్థిరనివాసపు దరఖాస్తులను 2016లో నిలిపి, 2022లో గాని మరల తెరువలేదు. ఆ యారేండ్లు వార్ధక్యము ఆగి యుండలేదు. వెళ్లిన పెద్దలకైనను, బిడ్డలు పనికి బోయిన పిదప పగలంతయు పలుకరించువారు లేక, చలికి తలుపు మూసికొని కూర్చుండుట కష్టమే.

కావున చేయదగినవి కొన్ని విన్నవించెదను.

బిడ్డలారా, పైకము పంపుట మంచిదే. దానితోపాటు వారమున కొక నియమిత దినమున మాటలాడుడు. “మందులు వేసికొంటివా?” యని మాత్రమే గాక, “నేడేమి వండితివమ్మా?” యని యడుగుడు. వండలేదనినచో కారణ మరయుడు. అమ్మ దాచిన జబ్బు అచ్చట బయటపడును.

పెద్దలారా, కౌలు కాగితములు, బ్యాంకు పుస్తకము ఎచ్చట నున్నవో నమ్మకమైన బంధువు నొకరికి తెలిపి యుంచుడు. అంత్యక్రియల మాట ఇప్పుడే బిడ్డలతో ముచ్చటించుడు. కుమారుడు వేళకు రాలేనిచో సోదరుడు గాని మనుమడు గాని నిర్వహించుట మన యాచారమున నున్నదే. ముందుగా చెప్పికొనుట అమంగళము గాదు. దూరముననున్న బిడ్డకు అది గొప్ప ఊరట.

దేవాలయమునకు వచ్చు కుటుంబములవారు శనివారపు భజన ముగిసిన పిమ్మట ప్రసాదమును ఒంటరి పెద్దల యింటికి కొనిపోవుడు. గడపలో నిచ్చి మరలక, అరగంట కూర్చుండుడు. ఒకే యోడలో వచ్చినవారు కులమడుగక, ఊరడుగక “జహాజీ భాయి” యని యొకరినొకరు ఆదుకొనిరి. ఆ బంధుత్వము మన తాతలు మనకిచ్చిన యాస్తి. దానిని వాడుకొనవలసిన దినములివి.

శుభమస్తు.