వెలకు కొన్న సేనానాయకత్వము

శౌర్యమును కీర్తించుట ప్రజలకు సహజము. కాని ఆ శౌర్యమెవరిది, దాని మూల్యమును చెల్లించినవారెవరు, ఫలమును అనుభవించినవారెవరు అని విచారించుట వివేకము. ఆంగ్ల అశ్వసేనాని కార్డిగన్ ప్రభువు చరిత్రము ఈ విచారణకు తగిన నిదర్శనము.

1797లో ప్రభువంశమున జన్మించిన ఈతడు 1824లో సైన్యమున చేరెను. ఆనాడు ఆంగ్లదేశపు అశ్వదళములందును పదాతిదళములందును పదవులు ధనమిచ్చి కొనదగిన సరకులు. యుద్ధరంగమును చూడకయే 1832లో ఈతడొక పటాలమునకు అధిపతి యయ్యెను. క్రింది అధికారి యొకనిపై మోపిన నేరములు సైనికన్యాయస్థానమున నిలువకపోగా 1834లో ఆ పదవిని కోల్పోయెను. అయినను 1836లో మఱియొక పటాలము ఈతని చేజిక్కెను! ఆ పటాలము చిరకాలము హిందూదేశమున నుండి, భరతపురపు ముట్టడియందును పాల్గొన్నది. అట్టి అనుభవజ్ఞులను 'ఇండియా అధికారు'లని ఈతడు చిన్నచూపు చూచెను. ద్వంద్వయుద్ధమున ఒకనిని గాయపఱచి 1841లో విచారణకు గురికాగా, తోటి ప్రభువుల సభయే న్యాయపీఠమై ఈతనిని విడిచిపుచ్చెను. ధనము పదవి నిచ్చెను. వంశము రక్షణ నిచ్చెను. ఇక యోగ్యతతో పనియేమి?

1854 అక్టోబరు 25న క్రిమియాలోని బలక్లావావద్ద ఆ ప్రశ్నకు ఉత్తరము దొరకెను. సేనాధిపతి రాగ్లన్ పంపిన ఉత్తరువు అస్పష్టము. దానిని అందుకొన్న లూకన్ ప్రభువు కార్డిగనుకు సోదరీభర్తయే. కాని ఇరువురకును బద్ధవైరము. మూడువైపుల ఫిరంగులున్నవని కార్డిగన్ తెలిపినను ఆజ్ఞ మారలేదు. సుమారు 670 మంది అశ్వికులు ఆ మృత్యులోయలో ప్రవేశించిరి. నూఱుమందికి పైగా మరణించిరి. మూడువందలకు మించి గుఱ్ఱములు నశించెను.

కార్డిగన్ పిఱికివాడు కాడు. అందఱికంటె ముందు నడచినవాడు అతడే. ఆనాటి తప్పిదమంతయు అతనిదే యనుటయు న్యాయము కాదు. కాని ఫిరంగులను చేరిన పిమ్మట తన దళమేమైనదో చూడక వెనుకకు మరలెను. ముందునకు దుముకుట సాహసము. వెంట వచ్చినవారిని కాపాడి తెచ్చుట నాయకత్వము. మొదటిది అతనికి కలదు. రెండవది ధనమునకు దొరకునది కాదు.

1855లో అతనికి అశ్వసేనా పర్యవేక్షకపదవి లభించెను. టెనిసన్ కవి ఆ దళమునకు శాశ్వతకీర్తి నొసగెను. కాని బ్రదికివచ్చిన సామాన్యసైనికులు కొందఱు వార్ధక్యమున దారిద్ర్యము పాలుకాగా, 1890లో వారికై చందాలు పోగుచేయవలసి వచ్చెను! కార్డిగన్ 1868లో గుఱ్ఱముపైనుండి పడి మరణించెను. మూడేండ్లకు, 1871లో, పదవుల క్రయవిక్రయము రద్దయ్యెను.

ఈ సంస్కరణమునకు సామాన్యుని రక్తము ఎంత ధారపోయవలసి వచ్చెనో యోచింపుడు. పదవిని వెలకు కొన్నవాడు ఆ వెలను తాను చెల్లించితినని తలచును. నిజమైన వెలను అతని వెంట నడచినవారే చెల్లింతురు. అది సేనయందే కాదు, ప్రజాజీవనమునందును సత్యము.